బాండికూట్ అంటే మన పందికొక్కే కదా? మరి మా వాడి మార్కు ఎందుకు కొట్టేశారు?

కల్వకుర్తి_బాపు:
అందరికీ నమస్తే. చిన్న విషయమే, కానీ మా ఇంట్లో మూడు రోజుల నుంచి ఇదే పంచాయితీ. మా వాడు ఆరో తరగతి. మొన్న స్కూల్లో జీకే టెస్ట్ పెట్టారు. 'బాండికూట్ ఏ దేశపు జంతువు' అని ఒక ప్రశ్న, కింద నాలుగు దేశాల పేర్లు. మా వాడు ఇండియాకి టిక్ పెట్టాడు. దాన్ని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టి పక్కన ఆస్ట్రేలియా అని రాసి పంపించారు. ఇరవైకి పందొమ్మిది వచ్చాయి, పోయింది అదొక్కటే, అందుకే వాడికి అంత మంట.

అసలు వాడికి ఆ జవాబు నేర్పింది మా నాయన. ఆయనకు ఇంగ్లిష్ రాదు, ఈ ఒక్క మాట మాత్రం వచ్చు. ఎప్పుడో పల్లి చేన్లో పందికొక్కుల బాధ పడలేక వ్యవసాయ ఆఫీసుకి పోతే అక్కడ గోడకు ఒక బొమ్మ అంటించి ఉందట, కింద పందికొక్కు అని తెలుగులో, పక్కన ఇంగ్లిష్‌లో ఇంకో పేరు. ఇదేంది సారూ అని అడిగితే 'బాండికూట్' అని చదివి చెప్పారట. అప్పటి నుంచి చేన్లో బొక్క కనిపిస్తే చాలు 'బాండికూటు గాడు తవ్విండు రా' అంటాడు. ఇంగ్లిష్‌లో తిడితే దానికి ఎక్కువ తగులుతుందని అనుకుంటాడో ఏమో. మనవడు అది విని విని అదే రాశాడు.

ఇప్పుడు క్లాసులో పిల్లలేమో బాండికూట్ అంటే క్రాష్ బాండికూట్ అనే వీడియో గేమ్‌లో బూట్లు వేసుకుని ఉరికే నారింజ రంగు జంతువు అని వీడిని ఆట పట్టిస్తున్నారట. ఆ బొమ్మ ఫోన్లో మా నాయనకు చూపించా. 'ఇది కొక్కా? నక్క లెక్క ఉంది' అన్నాడు. ఇంక నాకూ డౌట్ మొదలైంది.

బాండికూట్ అనే మాట ఎక్కడిది, దానికి అర్థం ఏమిటి, మా వాడు రాసింది తప్పేనా? స్కూలుకి పోయి అడగాలంటే ముందు నాకు తెలియాలి కదా. అక్కడ మాట్లాడుతుంటే మధ్యలో నోరెళ్లబెడితే పరువు పోతుంది.

సరదా_సూర్యాపేట:
అన్నా, నా థియరీ వినండి. మిల్లుల దగ్గర బండ్లు ఆగుతాయి కదా, ఆ బండి కింద కూర్చుని వడ్లు తినేది కాబట్టి బండి కింద కూటు, బండికూటు. లేదంటే బండి కూత పెట్టగానే పారిపోయేది. రెండింటిలో మీకు నచ్చింది పట్టుకుని స్కూలుకి పోండి, నా పేరు మాత్రం చెప్పకండి.

నల్గొండ_ఇంగ్లిష్_సార్:
పై తమ్ముడు సరదాకి అన్నాడు గానీ, ఇలాంటివే నాలుగు రోజులు తిరిగితే నిజమైపోతాయి, కాబట్టి అసలు సంగతి చెప్తాను. ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పి రిటైర్ అయినవాడిని, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీ నాయన చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. బాండికూట్ తెలుగు మాటే. పంది, కొక్కు, రెండూ కలిసి పందికొక్కు. కొక్కు అంటే పెద్ద ఎలుక, కాబట్టి పంది లాంటి ఎలుక అని అర్థం. ఇది మనం గొప్ప కోసం చెప్పుకునే సంగతి కాదు, పెద్ద ఇంగ్లిష్ నిఘంటువు ఏది తెరిచినా ఆ మాట పక్కన తెలుగు నుంచి వచ్చిందనే ఉంటుంది. ఇంగ్లిష్ రాతల్లో 1789 నాటికే కనిపిస్తుంది. 1886లో యూల్, బర్నెల్ అని ఇద్దరు, ఇండియాలో ఉన్న ఇంగ్లిష్‌వాళ్ల నోళ్లలో నలిగిన మాటలన్నీ పోగేసి హాబ్సన్-జాబ్సన్ అని ఒక నిఘంటువు వేశారు. అందులోనూ పందికొక్కు అనే మాటకు పాడైన రూపం ఇదని ఉంది.

ఇక్కడ ఒక తమాషా గమనించాలి. ఈ జంతువు మన దగ్గర మాత్రమే కాదు, దేశమంతా ఉంది. హిందీలో, మన పాలమూరు ఉర్దూ వాళ్లలో కూడా, దీన్ని ఘూస్ అంటారు. కన్నడంలో హెగ్గణ, తమిళంలో పెరుచ్చాళి. ఇన్ని పేర్లుండగా ఇంగ్లిష్‌వాళ్లు పట్టుకుపోయింది తెలుగు పేరు. వాళ్లు 1611లోనే మచిలీపట్నంలో దుకాణం పెట్టారు, గోదాముల్లో సరుకు నింపారు, సరుకున్న చోట పందికొక్కు ఉండకుండా పోదు. గోదాము కాపలావాడు దాన్ని ఏ పేరుతో తిట్టి ఉంటాడో అదే దొర చెవిన పడి ఉంటుందని నా ఊహ. ఇది ఊహ మాత్రమే, స్కూల్లో చెప్పకండి.

మరి పంది కాస్తా బాండి ఎలా అయింది? ఇది నేను క్లాసులో చేసి చూపించేవాణ్ని. పేపర్ చివర సన్నగా చింపి పెదాల ముందు వేలాడదీసి, ఇంగ్లిష్‌వాడి లాగా గాలి వదులుతూ 'పిన్' అనండి, కాగితం ఎగురుతుంది. ఇప్పుడు 'పంది' అనండి, కదలదు. వాళ్ల భాషలో మాట మొదట్లో వచ్చే 'ప'కి గాలి తోడు ఉంటుంది, మన 'ప'కి ఉండదు. గాలి లేని 'ప' వాళ్ల చెవికి 'బ'లా వినిపిస్తుంది. మన 'ద' కూడా వాళ్లకు లేదు, దగ్గరగా ఉన్నది 'డ'. అలా పంది బాండి అయింది. చివర కొక్కు కూట్ అయింది. పైగా మనమే ఇప్పుడు ఆ ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి బాండికూట్ అని స్టైల్‌గా పలుకుతున్నాం. ఇంట్లోంచి పోయిన పిల్లోడు సూటు వేసుకుని తిరిగొస్తే గుర్తుపట్టక 'ఎవరు కావాలి సార్' అన్నట్టుంది మన పని.

కల్వకుర్తి_బాపు:
సార్, చాలా థ్యాంక్స్. కాగితం పెట్టుకుని ఇంట్లో నలుగురం పిన్ను పంది, పిన్ను పంది అంటూ కూర్చున్నాం. మా ఇంటావిడ వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయింది. కానీ మరి పంది ఎందుకు సార్? మా నాయనను అడిగితే 'తిండి చూస్తే తెలుస్తలేదా' అన్నాడు.

మిర్యాలగూడ_మిల్లు:
దీనికి నేను చెప్తా. సార్ మాట గురించి చెప్పారు, జంతువుతో రోజూ తంటా నాది. పదకొండేళ్లుగా రైస్ మిల్లు గోదాములో పని, దాంతోపాటు సాగర్ ఎడమ కాల్వ కింద మూడెకరాల పొలం. అంటే పగలు వాటితోనే, రాత్రి వాటితోనే.

తిండి ఒక్కటే కాదు. దాన్ని మూలకు తరిమి చూడండి. మామూలు ఎలుకైతే కీచుమంటుంది, ఇది వెంట్రుకలు నిక్కబొడుచుకుని, అచ్చం పంది లాగా గుర్రుమని మీది మీదికే వస్తుంది. మొదటిసారి గోదాములో చీకట్లో ఆ చప్పుడు విని నిజంగానే పంది దూరిందనుకుని కట్టె పట్టుకుని పోయా. బస్తాల సందులో చూస్తే ఇది. మొఖం మొద్దుగా, ఒంటి మీద బిరుసు వెంట్రుకలు, తవ్వడం కూడా పంది తవ్వినట్టే మూతి పెట్టి మట్టి ఎగజిమ్ముతుంది. పేరు పెట్టినవాడెవడో దగ్గర నుంచి చూసే పెట్టాడు.

ఇంకో సంగతి, మనం పందికొక్కు అని ఒకే పేరుతో పిలిచేవి రెండు రకాలు. పెద్దది ఇళ్ల దగ్గర, గోదాముల దగ్గర, మోరీల్లో ఉంటుంది. దాని ఒళ్లే సుమారు 30 సెంటీమీటర్లు, తోక ఇంకో అంత. పిల్లి కూడా ఒకసారి ఆలోచించి పోతుంది దాని మీదికి. చిన్నది పొలాల్లో ఉంటుంది, తోకతో కలిపినా 40 సెంటీమీటర్లు దాటదు, కానీ రైతును ముంచేది ఇదే. ఒడ్డు లోపల బొరియ తవ్వి, వడ్లు పండే టైముకి వెన్నులు కొరికి లోపలికి లాక్కుపోతుంది. మా ఊర్లో కోత అయ్యాక ఒడ్లు తవ్వి ఆ వెన్నులు ఏరుకునేవాళ్లు ఉండేవాళ్లు. నేను చిన్నప్పుడు చూశా, గడ్డపారతో రెండు అడుగులు తవ్వగానే ఒక అర కనిపించింది, అందులో వెన్నులన్నీ ఒకే పొడుగులో కత్తిరించి కట్ట కట్టినట్టు పేర్చి ఉన్నాయి. మన కూలీలు కూడా అంత నీట్‌గా పేర్చరు.

బొరియ ముందు పిండి లాంటి కొత్త మట్టి కుప్ప ఉంటే లోపల ఉన్నట్టు. అనుమానం ఉంటే సాయంత్రం బొక్కలన్నీ మట్టితో పూడ్చేసి రావాలి, పొద్దున ఏవి తెరిచి ఉంటే వాటిలోనే ఎర పెట్టాలి. అదీ మొదట మందు కలపకుండా ఉత్త నూకలు, నూనె పెట్టి అలవాటు చేయాలి, కొత్త తిండిని అది ఒక పట్టాన నమ్మదు. ఇది టాపిక్ కాదు గానీ బాపు గారి నాయనకు పల్లి చేను ఉందన్నారని రాశా.

ఇంగ్లిష్‌లో దీన్ని బాండికూట్ ర్యాట్ అంటారని మిల్లుకొచ్చే పెస్ట్ కంట్రోల్ అబ్బాయి చెప్పాడు. అంటే పంది ఎలుక ఎలుక. గేటు దర్వాజ అన్నట్టు.

నల్గొండ_ఇంగ్లిష్_సార్:
మిల్లు తమ్ముడూ, ఆ గేటు దర్వాజకు కూడా కారణం ఉంది, అదే బాపు గారి ఎర్ర పెన్నుకు జవాబు. ఆస్ట్రేలియాలో ఎవరైనా ఉంటే ముందు వాళ్లు చెప్పాలి.

నకిరేకల్_టు_బ్రిస్బేన్:
ఉన్నా సార్, పిలిచినట్టే వచ్చా. బ్రిస్బేన్‌లో తొమ్మిదేళ్లు. మా పెరట్లోనే తిరుగుతుంటాయి, కాబట్టి కళ్లతో చూసిందే రాస్తున్నా.

ఇక్కడి బాండికూట్ ఎలుక జాతే కాదు. కంగారూ లాగా కడుపు కింద సంచి ఉండే జంతువు. పొడుగు మూతి, వెనక కాళ్లు పెద్దవి, గెంతుతూ నడుస్తుంది. పొద్దున లేచి చూస్తే గడ్డిలో గరాటు పెట్టి గుచ్చినట్టు కోసుగా చిన్న చిన్న గుంతలు, అంటే రాత్రి వచ్చి పురుగులు, వానపాములు వెతుక్కుని పోయిందన్నమాట. మా పక్కింటి తెల్లాయనకు లాన్ అంటే ప్రాణం, ఆ గుంతలు చూసి రోజూ మొఖం మాడ్చుకుంటాడు. ఆయనకు ఒకసారి చెప్పా, ఇది మా భాష మాట అని, మా ఊర్లో దీనికి వేరే జంతువు ఉందని. నమ్మలేదు. ఫోన్లో డిక్షనరీ తీసి చూపిస్తే 'మీవాళ్లు దీన్ని కూడా పంపించారా' అన్నాడు.

పేరు ఎలా వచ్చిందంటే, ఇండియాలో వాడుకలో ఉన్న మాట ఇంగ్లిష్‌వాళ్ల నోటికి అప్పటికే అలవాటు, ఇక్కడికొచ్చి మూతి పెట్టి తవ్వే కొత్త జంతువును చూసి ఆ పేరే తగిలించారు. 19వ శతాబ్దం మొదట్లోనే ఇది స్థిరపడిపోయింది. మనం చేయలేదా, అమెరికా నుంచి వచ్చిన చెట్టుకు సీమచింత అని పేరు పెట్టాం, అది చింతచెట్టేం కాదు. కోలాను కూడా ఇక్కడికొచ్చిన కొత్తలో ఎలుగుబంటి అన్నారు, అది ఎలుగుబంటి కాదు.

సంచి గురించి ఒక ముచ్చట. కంగారూ సంచి పైకి తెరుచుకుని ఉంటుంది, దీనిది వెనక్కి తెరుచుకుంటుంది. ఇది ఎప్పుడూ మట్టి తవ్వుతుంది కదా, ముందుకి ఉంటే మట్టంతా పిల్లల మీద పడుతుంది. కడుపుతో ఉండేది పన్నెండు రోజులు, పన్నెండున్నర రోజులు, అంతే. మిగతాదంతా సంచిలోనే పెరగడం.

ఇంకొకటి చెప్తే బాపు గారి నాయన సంతోషపడతారు. ఇక్కడి ఇంగ్లిష్‌లో బాండికూట్ అనేది క్రియగా కూడా వాడతారు. ఆలుగడ్డ తోటలో పైన తీగ అలాగే నిలబెట్టి, కింద మట్టిలో చెయ్యి పెట్టి గడ్డలు మాత్రం దొంగిలించి పోవడాన్ని బాండికూట్ చేయడం అంటారు. తోటవాడు పైన పచ్చగా ఉందని మురుస్తుంటాడు, కింద ఖాళీ.

మిర్యాలగూడ_మిల్లు:
అరె, పల్లి చేన్లో మనవి చేసేది అదే కదా. పైన ఆకు పచ్చగానే ఉంటుంది, పీకితే ఒక్క కాయ ఉండదు.

సరదా_సూర్యాపేట:
మన దగ్గర కొందరు బిల్లులు పాస్ చేసేది కూడా అలాగే. గాదె కింద పందికొక్కు అని ఊరికే అన్నారా. సార్ ఘూస్ అని చెప్పగానే నాకు నవ్వొచ్చింది, హిందీలో ఘూస్ అంటే లంచం కూడా. జంతువుకూ లంచానికీ ఒకటే మాట, చదివేవాళ్లే ఏదో తేల్చుకోవాలి.

నల్గొండ_ఇంగ్లిష్_సార్:
బ్రిస్బేన్ బాబు బాగా చెప్పాడు. ఇప్పుడు లెక్క సరిపోయింది. ఆస్ట్రేలియా జంతువుకి పేరు అంటుకున్నాక అసలు ఓనర్‌కి ఇబ్బంది వచ్చింది, రెండింటినీ విడదీయాలి కాబట్టి మనదాన్ని బాండికూట్ ర్యాట్ అనడం మొదలైంది. ఇండియా ఇంగ్లిష్‌లో మాత్రం ఇప్పటికీ ఉత్త బాండికూట్ అంటే మన పందికొక్కే, పేపర్లలో అలాగే రాస్తారు. జంతుశాస్త్రం కూడా మన వైపే ఉంది. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే ఆయన మన పందికొక్కుల జాతికి బాండికోటా అని లాటిన్ పేరు పెట్టాడు. పెద్దది బాండికోటా ఇండికా, పొలంలోది బాండికోటా బెంగాలెన్సిస్. అంటే ప్రపంచంలో ఏ శాస్త్రవేత్త ఆ జంతువు గురించి రాసినా ముందు తెలుగు మాట రాయాల్సిందే. ఆస్ట్రేలియా దానికి లాటిన్‌లో ఈ పేరు లేదు.

కాబట్టి బాపు గారూ, మీ వాడి జవాబు తప్పు కాదు. అలాగని ఆస్ట్రేలియా అని రాసిన పిల్లలదీ తప్పు కాదు. ప్రశ్నే తప్పు. నేను కూడా ఇలాంటి తప్పు ప్రశ్నలు ఇచ్చినవాణ్నే, ప్రశ్నల పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బోర్డు మీద రాసేసేవాణ్ని, టైముండదు. టీచరమ్మతో గొడవ పెట్టుకోకుండా మామూలుగా చెప్పండి, వింటారు.

ఆ గేమ్ 1996లో వచ్చింది. అందులో బొమ్మ ఆస్ట్రేలియా బాండికూట్‌ను చూసి చేసిందే, కాబట్టి నక్క లెక్క ఉందన్న మీ నాయనను తప్పు పట్టలేం.

దేవరకొండ_పిల్లగాడు:
సార్, అయితే ఇంగ్లిష్‌లో సగం జంతువుల పేర్లు మన దగ్గర నుంచి పోయినవే. మంగూస్ మన ముంగిస, చీతా మన చిరుత, ధోల్ మన తోడేలు. వాట్సాప్‌లో పెద్ద లిస్టే తిరిగింది. ఇవి ఎందుకు చెప్పరు స్కూల్లో?

నారాయణపేట_అక్క:
ముంగిస దగ్గర ఆగు తమ్మీ, అది మా ఊరి పంచాయితీ. మాది నారాయణపేట, ఇంట్లో మరాఠీ, గల్లీలో కన్నడం, స్కూల్లో తెలుగు. మా నానమ్మ ముంగూస్ అంటుంది, పక్కింటి కన్నడం వాళ్లు ముంగుసి, బయట ముంగిస. చిన్నప్పుడు ఇవి మూడు జంతువులు అనుకునేదాన్ని.

ఇంగ్లిష్ మంగూస్ నేరుగా మరాఠీ నుంచి తీసుకున్నదనే నిఘంటువుల్లో ఉంటుంది, పడమటి తీరంలో పోర్చుగీసువాళ్ల నోటి మీదుగా వచ్చి ఉండొచ్చని కూడా రాస్తారు. 1690ల నాటికే ఇంగ్లిష్‌లో ఉంది. ఆ మరాఠీ మాటకు వెనక వేరు తెలుగు, కన్నడం వైపుదే అని చాలామంది పండితుల మాట. అంటే తల్లి మన వైపు, పెళ్లి చేసి పంపింది మరాఠీ వాళ్లు. మా ఇంట్లో ఇలా చెప్తే రెండు పక్షాలూ ఊరుకుంటాయి.

అన్నట్టు అందులో గూస్ ఉందని బాతుకు చుట్టం అనుకోకండి. మా పాప ఒకటికి మంగూస్, రెండైతే మంగీస్ అని రాసింది, గూస్‌కి గీస్ కదా అని. మంగూసెస్ అనాలి. పాప లాజిక్‌లో తప్పేం లేదు, ఇంగ్లిష్‌దే తప్పు.

నల్గొండ_ఇంగ్లిష్_సార్:
అక్క చెప్పినదానికి నేను చేర్చేది ఏమీ లేదు. దేవరకొండ బాబూ, నీ లిస్టులో మిగతా రెండూ కొట్టెయ్. చీతా హిందీ మాట, మూలం సంస్కృతం, మచ్చలున్నది అని అర్థం వచ్చే మాట నుంచి వచ్చింది. మన చిరుతకు ఇంగ్లిష్ పేరు లెపర్డ్. ఈ రెండింటినీ కలిపేసి టీవీలో నల్లమలలో చీతా కనిపించిందని స్క్రోలింగ్ వేసేస్తారు. చీతా ఈ దేశంలో అంతరించిందని 1952లోనే ప్రకటించారు, 2022లో ఆఫ్రికా నుంచి తెచ్చి కునోలో వదిలారు. అమ్రాబాద్ అడవిలో ఉన్నవి చిరుతలు, పులులు.

ధోల్ అంటే తోడేలు కాదు, రేచుకుక్క. ఆ మాట పుట్టుక తేలలేదనే నిఘంటువులు రాస్తాయి. కన్నడంలో తోళ అంటే తోడేలు, ఆ పోలిక చూసి కొందరు అటు లాగుతారు, పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం కుదరదు. అలా లాగితే సూర్యాపేట తమ్ముడి బండి కూత కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది. కోబ్రా పోర్చుగీసు మాట, వాళ్ల భాషలో కోబ్రా అంటే ఉత్త పామే, పడగ ఉన్న పాము అనే పొడుగు పేరులోంచి ముందు ముక్క ఇంగ్లిష్‌వాళ్లు తీసుకున్నారు. క్రెయిట్ హిందీ, మన కట్లపాము. మగ్గర్ కూడా హిందీ, కృష్ణలో ఉండే మన మొసలి. ఇందులో మనకు తక్కువైంది ఏమీ లేదు. గట్టిగా మనదే అని చూపించగలిగిన పందికొక్కు ఒకటుంది, దాన్ని పట్టుకో చాలు. పక్కన అనుమానంవి పది పెడితే ఆ ఒక్కదాన్నీ ఎవరూ నమ్మరు.

దేవరకొండ_పిల్లగాడు:
సరే సార్. కానీ గర్వంగా చెప్పుకోవడానికి దొరికింది పందికొక్కా అని మా ఫ్రెండ్స్ నవ్వుతున్నారు.

నకిరేకల్_టు_బ్రిస్బేన్:
నవ్వనీ తమ్మీ. కేరళలో కుర్రాళ్లు మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబో తయారు చేశారు, 2018లో తిరువనంతపురంలో మొదలైంది, మనుషులు లోపలికి దిగి చచ్చిపోకుండా. దాని పేరు బాండికూట్. మలయాళం వాళ్ల మిషన్‌కి తెలుగు మాట, ఇంగ్లిష్ మీదుగా. మోరీల్లో తిరిగేదానికి అంతకన్నా మంచి పేరు ఏముంటుంది?

ఇంకోటి గుర్తొచ్చింది. ఇక్కడ ఒక రకం బాండికూట్ ఉండేది, ముందు కాళ్ల గిట్టలు పంది గిట్టల లాగా ఉన్నాయని పిగ్-ఫుటెడ్ బాండికూట్ అన్నారు. అంటే పంది కాళ్ల పందికొక్కు. పెట్టినవాళ్లకు ఆ పేరులో పంది అప్పటికే ఉందని తెలుసో లేదో. పాపం అది 20వ శతాబ్దంలో పూర్తిగా అంతరించిపోయింది.

కల్వకుర్తి_బాపు:
అప్‌డేట్ ఇస్తున్నా. నిన్న స్కూలుకి పోయా. గొడవ పెట్టుకోలేదు, సార్ చెప్పినట్టే 'మేడమ్, ఒక డౌట్' అని మొదలుపెట్టా. ఆమె ప్రశ్నల పుస్తకం వెనక జవాబుల పేజీ తీసి చూపించారు, అందులో ఆస్ట్రేలియా అనే ఉంది, నేనేం చేయను అన్నారు. అప్పుడు డిక్షనరీ చూపించా. రెండు నిమిషాలు చదివి, 'మా అమ్మగారింట్లో పందికొక్కులు గోడ కింద తవ్వి వంటింటి గోడే కూలింది, దాని పేరే ఇదని నాకు తెలియదు' అన్నారు. మార్కు మాత్రం వేయలేదు, రిజిస్టర్‌లో ఎక్కించేశారట. ఆ బదులు వాడిని క్లాసు ముందు నిలబెట్టి కాగితం పెట్టి పిన్ను, పంది చేసి చూపించమన్నారు. క్లాసంతా అరగంట పంది పంది అని అరిచారని, పక్క క్లాసు నుంచి సార్ వచ్చి తలుపు కొట్టారని మా వాడు చెప్పాడు. మార్కు సంగతి మర్చిపోయాడు.

ఇంటికొచ్చి మా నాయనకు ఆస్ట్రేలియా సంగతంతా చెప్పా, కడుపు కింద సంచి ఉంటుందని కూడా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'మనదానికి సంచి లేదు, అదే నయం. ఉంటే పల్లికాయ మోసుకపోనీకి ఇంకా అల్కగుండు' అన్నాడు.

మిర్యాలగూడ_మిల్లు:
ఈసారి ఎంత పోయింది బాపూ?

కల్వకుర్తి_బాపు:
ఒడ్డు పక్క మూడు సాళ్లు. రేపు సాయంత్రం బొక్కలు పూడ్చి వస్తా.